పిట్ట మిగిల్చిన దుబాయ్ ముద్ద

పిట్టా, నువ్వు లేవని ఫోనొచ్చినప్పుడు నేను ఇక్కడ ఫుజైరాలో పరాయి పిల్లలకు అన్నం కలుపుతున్నాను. "బిడ్డా, మన పిట్ట ఇగ లేదే" అంది మీ అమ్మమ్మ. మెదడువాపు జ్వరమట. నా చేతికి మెతుకులు అలాగే అంటుకుని ఉన్నాయి. కడుక్కోవాలని కూడా తోచలేదు.

చదివే అక్కలకు, అన్నలకు ఒక మాట. నేను ఐదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే మీరే సర్దుకోండి. పిట్ట నా కడుపున పుట్టలేదు. మా చెల్లె బిడ్డ. చెల్లె చనిపోయేనాటికి దానికి పాలపళ్లు కూడా రాలేదు. నా మొగుడు అంతకు ముందే పోయాడు, నాకు పిల్లలు లేరు. చెల్లె మొగుడు, మా మరిది, దాన్ని ఎత్తుకొచ్చి, ఊరి పెద్దల ముందు నా ఒళ్లో కూర్చోబెట్టాడు. మా అమ్మ పసుపునీళ్లు చల్లింది. "ఇగ నీ బిడ్డే వదినె" అన్నాడు మరిది. మా ఊళ్లో దత్తత అంటే అంతే. ఒళ్లోకి వస్తే బిడ్డ అయినట్టే. కాగితం రాసుకోవాలని ఎవరికీ తోచలేదు.

రెండు వేల మూడులో దాన్ని మా అమ్మ దగ్గర వదిలి ఈ అరబ్బుల ఇంట్లో వంటకు వచ్చాను. మా ఊరివాళ్లకు ఫుజైరా అయినా దుబాయే. ఇంటామెను మామా అనాలి, ఇంటాయనను బాబా అనాలి. వాళ్ల పిల్లలు మంచివాళ్లే. నేను కలిపి పెడితే గాని తినరు. వాళ్ల నోట్లో ముద్ద పెడుతుంటే నాకు కడుపు మండేది. ఆ పిల్లల మీద కాదు.

శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేదాన్ని.

"తిన్నవా పిట్టా?"

"తిన్న. నీ ముద్ద ఇడిసిపెట్టిన."

"నా ముద్దేందే?"

"దుబాయ్ ముద్ద. నువ్వొస్తే తింటవని."

ఎవరు తిట్టినా పళ్లెంలో చివరి ముద్ద తినేది కాదు. మా అమ్మ వెనకనుంచి అరిచేది. "గీ పోరి రోజూ అన్నం పారేయిస్తది! మీ అమ్మేమన్న కాకా, ఎగురుకుంట వచ్చి తినిపోనీకి?"

"ఇమానంల ఎగురుకుంటనే వస్తది" అనేది పిట్ట.

తెల్లారి అది లేవకముందే మా అమ్మ ఆ ముద్దను కోళ్లకు వేసేది. ఖాళీ పళ్లెం చూసి పిట్ట వాడకట్టంతా తిరిగేది, నేను వచ్చి తినిపోయానని చెప్పుకుంటూ. సెలవుకు వెళ్లినప్పుడు ఆ ముద్ద తన చేత్తోనే నా నోట్లో పెట్టేది. "మంచిగ నములు. ఆగమాగం మింగకు" అనేది, మా అమ్మ గొంతుతో. అంత రుచిగా ఏ అన్నమూ నేను తినలేదు.

ఒకరోజు బాబా తనంతట తానే అన్నాడు. "నీ బేటీని తెచ్చుకో. మా పిల్లలతో పాటు ఉంటుంది. మాఫీ ముష్కిల్." ఏం ఇబ్బంది లేదట. ఆ రోజు వంటింట్లో ఏడుస్తూ నవ్వాను. మామా తన పిల్ల చిన్నప్పటి మంచం కూడా దులిపించింది.

వీసా కిటికీ దగ్గర కూర్చున్నాయన హిందీలో అడిగాడు, తల్లివేనా అని. అవునన్నాను. కాగితం ఏదన్నాడు. పెద్దల ముందు ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను సార్ అన్నాను. పక్కాయనతో చెప్పి నవ్వాడు. పిల్ల తండ్రి ఎక్కడ, నీ మొగుడు ఎక్కడ అన్నాడు. "ఖలాస్" అని నా పాస్‌పోర్టు ఇవతలికి తోశాడు.

దత్తత కాగితం రిజిస్టర్ కావాలంటే మరిది సంతకం పెట్టాలి. అప్పటికి అతను మళ్లీ పెండ్లి చేసుకున్నాడు. ఫోన్ చేసి అడిగాను.

"మా ఆమె ఒద్దంటుంది వదినె. రేపేమన్న అయితే నా మీదికొస్తది."

"ఆనాడు నువ్వే కద మరిదీ, నా ఒళ్లో కూర్చోబెట్టింది?"

"కూర్చోబెట్టిన. సంతకం వేరే ముచ్చట."

పత్తి ఏరినాక అన్నాడు, బతుకమ్మ పోయినాక అన్నాడు. వాడకట్టులో ఒకామె మా అమ్మ ముఖం మీదనే అందట, మొగడు లేనిదానికి పిల్లెందుకు, పెంచుకునుడెందుకు అని. ఇక్కడ ఆ మంచం మీద మామా ఉతికిన బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. ఆమె తప్పేం లేదు.

ఇంతలో పిట్టకు జ్వరం వచ్చింది. జ్వరానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

నేను ఊరు చేరేసరికి మన్ను కప్పేశారు. పంచాయతీ ఆఫీసులో చావు రాయించడానికి వెళ్లాం. తల్లి పేరేమిటని అడిగాడు గుమాస్తా. మా అమ్మ నా పేరు చెప్పింది. రాసుకున్నాడు. అంతే. మొగుడేడని అడగలేదు, రుజువేదని అడగలేదు.

"సార్, దత్తత కాగితం లేదు" అన్నాను, ఉండబట్టలేక.

"పోయిన పిల్లకు ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

సాక్షి సంతకం కావాలంటే మరిది ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చి పెట్టాడు. అదే చేయి. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు మళ్లీ ఫుజైరాలోనే ఉన్నాను. మామా పిల్లలకు కలిపి పెడుతున్నాను. పిట్ట ఎవరి కడుపున పుట్టినా నన్ను అమ్మను చేసింది, అందుకు దానికి రుణపడి ఉంటాను. నేను తినేటప్పుడు చివరి ముద్ద పళ్లెంలో వదిలేస్తున్నాను. ఇక్కడ కోళ్లు లేవు. తెల్లారి చూస్తే ఏసీ గాలికి ఎండిపోయి, ముద్ద ముద్దలాగే ఉంటుంది.

అక్కలారా, అన్నలారా, మీరు మాత్రం మంచిగా తినండి. చివరి ముద్ద కూడా తినండి.