కాలెట్‌కు పెట్టిన బొట్టు

రాండ్రి, గంత దూరం కూసుంటే ఎట్ల? ఈ చాప మీదికి జరుగుండ్రి. గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదిది. మా అత్త, మామ ఇద్దరు పోయి శానేండ్లయింది గని, వాళ్ల ముచ్చట గట్టిగ చెప్తె యాడికెళ్లన్న ఇని తిడతరేమోనని నాకు ఇప్పటికీ భయమే.

మాది రామన్నపేట. వడ్లపనోళ్ల ఇల్లు. మామది చెక్క మీద ఉలి పని. ఆయన తలుపు మీద తామర పువ్వు చెక్కితే తేనెటీగ వచ్చి వాలిందని ఊరంత అనుకున్నరట. అనుకున్నరని ఆయనే చెప్పేటోడు.

తొంభైల మొదట్ల మా ఇంటాయన పట్నం పోయి, రెండు చేతుల్తోని పట్టి తోసే రౌటర్ మిషన్ తెచ్చిండు. కరెంటు పెడితే కింద బిట్టు గిర్రున తిరిగి చెక్కల గాడి తీస్తది. మామ దాని చప్పుడు ఇని, "ఇది పనిముట్టారా, పిండి గిర్నీయా?" అన్నడు. ఇంటాయన బట్ట తీసుకొని మిషన్‌ను తుడుసుకుంట కూసున్నడు. దాన్ని తుడిచినంత పావురంగ, ప్రేమగ ఆయన కన్నపిల్లల మూతి గూడ తుడవలే.

ఇంక పొద్దుమీకితే మాకు పాఠం. "కోసేది బిట్టు. బిట్టును పట్టేది కాలెట్" అని మొదలుపెడుతుండె. కాలెట్ అంటే పెద్దదేం గాదు, వేలి కణుపంత ఇనుప గొట్టం, పొడుగునా చీలికలుంటయి. మీద నట్టు బిగిస్తే ఆ చీలికలు దగ్గరికొచ్చి, బిట్టు కాడను పిడికిట్ల పట్టినట్టు పడతయి. కాడ ఎంత లావుంటే కాలెట్ గూడ గంత సైజుదే పెట్టాలె. ఆరు ఎమ్మెమ్‌ది, పావు ఇంచుది చూస్తే అక్కచెల్లెండ్ల లెక్క ఒక్క తీరుంటయి గని, ఒకదాని జాగల ఇంకోటి పెడితే మోసం. నాకు గాజుల లెక్కన సమజైంది. ఒక్క సైజు పెద్ద గాజు ఏసుకుంటే బోళ్లు తోముతుంటే జారిపోదా?

"కాడను లోపటిదాక దించి, బియ్యపు గింజంత మీదికి గుంజి, అప్పుడు బిగియ్యాలె. బిట్టు లేకుంట ఉత్త నట్టు బిగిస్తే కాలెట్ ముడుచుకపోతది" అని చెప్పి, ఆఖర్కి గుండె మీద చెయ్యి పెట్టుకొని, "మిషన్ పానమంత గీ కాలెట్లనే ఉన్నదమ్మా" అనేటోడు. మా అత్త తలకాయ ఊపేది. గా మాట జర యాదికుంచుకోండ్రి.

కట్టంగూర్ల బట్టల దుకాణం సాయబు ఇల్లు కట్టుకుంటా, ముందటి దర్వాజ పని మాకిచ్చిండు. రెండు రెక్కల తలుపు. టేకు చెక్క ఆయనదే, వాళ్ల నాయిన నాటిన చెట్టుదట. మామ కొడుకును పిలిచి అన్నడు: "అసొంటి చెక్క మల్ల దొరకది. నీ గిర్నితోని దాన్ని ఖరాబ్ చేస్తివా, గిర్నిని తెచ్చిన దుకాణంల ఇచ్చి రావాలె. మల్ల ఉలి పట్టాలె."

"సరే బాపు" అన్నడు మా ఇంటాయన. అంటే అన్నడు గని, ఆ రాత్రి బువ్వ సగమే తిన్నడు.

నడుమ దసరా పండుగ వచ్చింది. పనిముట్లన్ని కడిగి, బొట్లు పెట్టి, దండం పెట్టినం. పండుగ తెల్లారి ఇంటాయన మొదటి రెక్క మీద మిషన్ పెట్టిండు. గాడి మొదలు మంచిగనే ఉండె. పోంగ పోంగ గోరంత లోతు కాస్త వేలంత లోతైంది. మిషన్ బందు పెట్టేసరికి తలుపుల గుంత పడ్డది. ఆయన మొఖం సున్నమేసినట్టయింది.

మామ కూసున్నకాడికెళ్లే అడిగిండు. "ఏం బిడ్డా, బాయి తవ్వుతున్నవా? నీళ్లు పడ్డయా?"

"బిట్టు కిందికి జారింది బాపు."

"దిష్టి" అన్నది అత్త.

ఇంటాయన సైజు చూసిండు, సరిగనే ఉన్నది. పానాతోని బలంకొద్ది బిగిచ్చి, ఉత్త వేప చెక్క మీద చూసిండు. మల్ల జారింది. అప్పుడు కాలెట్‌ను బయటికి తీసి, తెల్లబట్ట లోపటికి దోపి తిప్పిండు. బట్ట పచ్చగ వచ్చింది. నూనెల కలిపిన పసుపు!

అందరం అత్త దిక్కు చూసినం.

"నా దిక్కేం చూస్తరు? పానమంత ఆడనే ఉన్నదంటివి గద కొడుకా. పానమున్నకాడ పెట్టక తోకకు పెట్టాల్నా బొట్టు?"

మామ మొఖం తువ్వాలల దాసుకున్నడు. భుజాలు మాత్రం ఊగుతున్నయి.

ఇంటాయనకు కోపం చెయ్యాల్నంటే జాగ దొరకలే. "అమ్మా, ఎండిన ఇనుము ఎండిన ఇనుమునే గట్టిగ పడ్తది. నూనె చేతుల్తోని రోకలి పడతవా నువ్వు?"

"గట్లని ముందుగాల చెప్పాలె. పానమని చెప్తివి గని, పానానికి నూనె పడదని చెప్తివా?"

పాలిష్‌కు తెచ్చిన స్పిరిట్‌తోని కాలెట్ లోపట, నట్టు, మిషన్ గొంతు అన్ని తుడిచి ఆరబెట్టిండు. మల్ల వేప చెక్క మీద తోస్తే, గాడి ఈ మొదలు నుంచి ఆ కొసదాక ఒక్కటే లోతు. అయితే ఏంది, తలుపుల గుంత తలుపులనే ఉన్నదాయె.

మామ లేచి వచ్చి గుంతల వేలు పెట్టి చూసిండు. "ఇచ్చి రా పో" అంటడని అందరం అనుకున్నం. ఆయన ఉలి తీసిండు. గుంతను ఆకు తీరుగ చెక్కి, నల్లటి జిట్రేగి చెక్క ముక్కను అదే తీరుగ కోసి అండ్ల కూసోబెట్టిండు. గోరు పెట్టి గీకినా సందు తగలలే.

సాయబు వచ్చి చూసిండు. మామ దాయలే. "సాయబూ, ఇది మా ఇంట్ల పసుపు చేసిన పని" అని అంతా చెప్పిండు. సాయబు నవ్వి నవ్వి కండ్లు తుడుచుకొని, రెండో రెక్క దిక్కు చూసిండు. "మరి దీనికేది? తలుపు ఒక్క కంటికే సుర్మా పెట్టుకున్నట్టున్నది."

మామ కొడుకు దిక్కు మళ్లిండు. "ఇంటున్నవా? తే నీ గిర్నిని. దీనికి గూడ గుంత తియ్యి. ఈసారి నేను చెప్పినకాడ తియ్యి."

గట్ల మిషన్ మా ఇంట్ల నిలిచింది. మల్ల దసరాకు ఇంటాయన కాలెట్‌ను తీసి అంగి కిసల ఏసుకొని, అప్పుడు మిషన్‌ను పూజల పెట్టిండు. అత్త మిషన్ పిడికి పసుపు పూసింది. తర్వాత కొడుకు కిస దిక్కు మళ్లి, దూరంకెళ్లే దండం పెట్టింది.

మీరు గూడ సల్లగుండాలె. మీ గడపకు పసుపు తక్కువ కావద్దు, మీ పనిముట్ల నోట్లెకు అది పోవద్దు. మీ ఇంట్ల ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే, ఆ పట్టు జారకుంట ఉండాలె.