రూతమ్మ టీచర్ పాట ఎత్తిన తీరు

పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు, గిటారు, గోడలకు వేలాడే స్పీకర్లు అన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి. మైకులు పట్టుకున్న పాటల బృందం కూడా, వాళ్ల గొంతులూ కరెంటు మీదే నడుస్తున్నట్టు, చరణం మధ్యలో ఆగిపోయింది. ఫ్యాన్లు తిరిగీ తిరిగీ నిలిచిపోయాయి. అప్పుడు తెలిసింది, వెనక గోడ దగ్గర ఎవరో ముసలావిడ ఇంకా పాడుతూనే ఉందని. కిందిగా, బొంగురుగా, తొందర లేకుండా పాడుతోంది. ఒళ్లో పెట్టుకున్న నా వేళ్లు వాటంతట అవే హార్మోనియం మెట్లు వెతుక్కోవడం మొదలుపెట్టాయి.

మీరు నన్నెరగరు కాబట్టి నా గురించి నేనే చెప్పుకోవాలి. బోధన్‌లో హార్మోనియం ప్రభుదాసు అంటే నేనే. ఇక్కడి నుంచి నిజామాబాదు దాకా నా చెయ్యి పడని హార్మోనియం పెట్టె లేదు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో సైరను మోగగానే అది ఏ మెట్టు మీద మోగుతోందో చెప్పి, అదే మెట్టు మీద కీర్తన అందుకునేవాణ్ణి. అన్నిటికన్నా పెద్ద సంగతి, మాట పడిపోయిన మనిషి చేత నిండు సంఘంలో పాట పాడించిన వాయిద్యగాణ్ణి నేను. కోటగిరిలో, ఆర్మూరులో, ఎక్కడ పిలిస్తే అక్కడ ఈ సాక్ష్యం చెప్పాను. సాక్ష్యమంటే ఆరాధనలో లేచి నిలబడి దేవుడు తనకు చేసిన మేలును నలుగురి ముందూ చెప్పుకోవడం. నేను లేచినప్పుడల్లా ఆ మేలు కాస్త పెరిగేది. వినేవాళ్లు అలా ముందుకు వంగి కూర్చుంటే ఎవరికైనా నోరు ఆగుతుందా?

ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, ముందుకు వంగి వినేవాళ్లూ తగ్గారు. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. సైరను సంగతి ఉత్తదే. పాట పాడించింది కూడా నేను కాదు, రూతమ్మ టీచర్.

రూతమ్మ టీచర్ సర్కారు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేది. పొట్టి మనిషి, మందపాటి కళ్లద్దాలు, గంజి పెట్టిన నేత చీర. ఆమె చర్చి మెట్లెక్కుతుంటే ముసలివాళ్లు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవారు. మా సంఘంలో పాట ఎత్తే పని ఆమెది. అప్పట్లో మైకులు లేవు. ఒక మనిషి మొదటి చరణం ఒక శ్రుతిలో అందుకుంటే మిగతా వాళ్లంతా ఆ శ్రుతిలోనే కలిసేవారు. దాన్నే పాట ఎత్తడం అనేవాళ్లం. నేను కొత్తగా హార్మోనియం నేర్చుకుని, వయసు పొగరులో ఉన్న రోజుల్లో ఆమె బడి పనిమీద ఊరెళ్లింది. ఆ ఆదివారం పాట ఎత్తే అవకాశం నాకు దొరికింది. నా గొంతు ఎంత ఎత్తుకు పోగలదో అంత ఎత్తులో అందుకున్నాను. ఆమె సగం ఆరాధనలో వచ్చి వెనక నిలబడిన సంగతి నేను చూడలేదు. అయిపోయాక పిలిచింది.

“ప్రభుదాసూ, ఇయ్యాల మస్తుగ పాడినవ్ బిడ్డా.”

నేను పొంగిపోయాను.

“ఒక్కనివే పాడినవ్.”

“అందరు పాడిండ్రు గద టీచర్!”

“పెదవులు కదిపిండ్రు. నువ్వు అటక మీదెక్కి కూసొని అందర్ని పైకి రమ్మంటున్నవ్. మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఎట్లెక్కుతర్రా?”

ఆమె పద్ధతి అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆరాధనకు ముందు ఆమె తలుపు దగ్గర నిలబడి వచ్చే ప్రతి మనిషికీ “వందనాలు” చెప్పేది. మా సంఘాల్లో ఎవరు ఎదురుపడినా అనే మాటే అది, అందులో వింతేమీ లేదు. వింత ఆమె వినడంలో ఉండేది. ఎదుటి మనిషి తిరిగి వందనాలు చెప్పేటప్పుడు ఆమె తల కొంచెం పక్కకు వంచేది. ఎవరి గొంతు బొంగురుపోయింది, ఎవరికి జలుబు చేసింది, ఎవరు ఏడ్చి వచ్చారు, అంతా ఆ ఒక్క మాటలోనే పట్టుకునేది. చెరకు నరికే కాలంలో దుమ్ము పట్టిన గొంతులతో జనం వస్తే, లోపలికి నడుస్తూ నాతో మెల్లగా అనేది: “ఇయ్యాల జర కిందికెల్లి ఎత్తాలె.” అందరికన్నా బలహీనమైన గొంతు ఏదో, ఆనాటి పాట ఆ గొంతు అందుకోగల చోట మొదలయ్యేది. ఇంత జరుగుతోందని సంఘంలో ఎవరికీ తెలియదు. తమ గొంతే ఈ పూట బాగుందనుకుని పాడుకునేవారు.

ప్రార్థన విషయంలోనూ ఆమె దగ్గర నాకు చీవాట్లే. శుక్రవారం ఉపవాస కూటంలో నన్ను ప్రార్థన చెయ్యమంటే సృష్టి మొదలుకుని అందుకునేవాణ్ణి. ఎర్ర సముద్రం దాటించి, అరణ్యమంతా తిప్పి, చివరికి మా ఊరికి తెచ్చేవాణ్ణి. ఒకసారి “ప్రభువా, నిజామాబాదుకు పడమటి దిక్కున ఉన్న ఈ బోధన్ పట్టణంలో” అంటుండగా పక్క నుంచి ఆమె గొంతు వినిపించింది: “ఆయనకు తొవ్వ ఎర్కే గని, నీకేం గావాల్నో జెప్పు.” కళ్లు మూసుకున్న వాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె ప్రార్థన మాత్రం రెండు మూడు మాటల్లో అయిపోయేది. ఆ తర్వాత చాలాసేపు ఊరికే ఉండేది. తలుపు దగ్గర జనం ముందు నిలబడినప్పుడు ఎలా తల వంచేదో, అప్పుడూ అలాగే వంచేది. అది చూస్తే నాకు ఒక రకమైన భయం వేసేది. అటు పక్క నుంచి నిజంగానే ఎవరో మాట్లాడుతున్నారేమో అనిపించేది.

ఇక మా నాన్న, మా బాపు సంగతి. బాపు పేరు యాకోబు. చక్కెర ఫ్యాక్టరీ యార్డులో చెరకు బండ్లను వరసగా పిలిచే పని చేసేవాడు. ఆయన కేకేస్తే ఎడ్లు కూడా తలెత్తి చూసేవి. అదే గొంతుతో ఆదివారం కీర్తన పాడితే కిటికీ రెక్కలు అదిరేవి. ఆ మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. లోపలి నుంచి వచ్చే ఒక్క కూత మిగిలింది. సన్నం, లావు లేకుండా, ఎప్పుడు వచ్చినా అదే కూత. చర్చిలో పాట మొదలవగానే అది ఆయన ఆపుకున్నా ఆగేది కాదు. పాట ఒక దారిన పోతుంటే బాపు కూత ఒక దారిన పోయేది. పిల్లలు నవ్వేవారు, పెద్దవాళ్లు నవ్వని మొహాలతో ముందుకు చూసేవారు.

కోత పండుగ దగ్గరపడింది. పంటలో మొదటి భాగం తెచ్చి దేవుని ముందు పెట్టే పండుగ అది. మా సంఘ పెద్ద యోహాను సార్ చెడ్డవాడు కాదు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, నులక మంచం మీద ఉన్న బాపుకు వినబడదనుకుని, గుమ్మంలో నాతో అన్నాడు: “ఏమనుకోకు ప్రభుదాస్. పండుగకు నిజామాబాద్ కెల్లి పెద్ద అయ్యగారొస్తుండు. గా ఒక్క పూట బాపును వరండల కూసోబెడ్దాం. ఆడికి గుడ అన్ని మంచిగనే ఇనబడ్తయి.”

బాపుకు మాట పోయింది గాని చెవులు పోలేదు. తర్వాతి ఆదివారం పాట మొదలవగానే భుజం మీది తువ్వాల తీసి నోట్లో కుక్కుకున్నాడు. పాట అయ్యేదాకా అలాగే ఉన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారి తువ్వాల మీద పడుతున్నాయి. ఆ పైవారం మా అక్క సారమ్మ తెల్ల ధోవతి తెస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కూడా సరిగా ముట్టలేదు.

“బాపు ఆయితారం కోసమే బతుకుతుండు తమ్మీ. అది గుడ పాయెనంటే ఇగ మనకు దక్కడు” అంది అక్క.

ఆ మాట రూతమ్మ టీచర్‌కు ఎవరు చేరవేశారో తెలియదు. ఒక మధ్యాహ్నం బడి నుంచి నేరుగా, వేళ్లకు సుద్దపొడితోనే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. బాపు మంచం పక్కన నేల మీద కూర్చుని “యాకోబన్నా, వందనాలు” అంది. బాపు గోడ వైపే ఉన్నాడు. ఆమె మళ్లీ అనలేదు, లేవనూ లేదు. అక్క ఛాయ్ పెట్టి తెస్తే అది చల్లారిపోయింది. నాకు కూర్చోలేక, నిలబడలేక ఇబ్బందిగా ఉంది. చివరికి గోడ వైపు నుంచే బాపు కూత వచ్చింది. అది ఆయన చెప్పిన వందనాలు. టీచర్ కళ్లు మూసుకుని ఆ కూతను తన గొంతులోకి తీసుకుంది. ఎంత మెల్లగా అంటే, పక్కనున్న నాకే వినబడీ వినబడకుండా.

“దొరికింది” అంది లేస్తూ.

“ఏంది టీచర్?”

“ఏం లేదు. పండుగకు అన్నను తోల్కరా. తువ్వాల ఇంట్ల వెట్టి రా.”

పండుగనాడు చర్చి స్తంభాలకు చెరకు గడలు కట్టారు. ముందు వేదిక మీద వరి పనలు, మక్క కంకులు, వేల్పూరు చుట్టాలు తెచ్చిన మట్టి వదలని పసుపు కొమ్ములు. కాళ్లు కట్టిన కోళ్లు ఒక మూల గొణుగుతున్నాయి. తెల్లటి నిలువుటంగీలో పెద్ద అయ్యగారు, అంటే పాస్టర్లందరి మీదా పెద్ద, కూర్చున్నారు. బాపు కుర్చీని మగవాళ్ల వైపు చివర, నడవ పక్కన వేశాము. నడవకు అవతల ఆడవాళ్ల చాప మీద, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో అక్క కూర్చుంది. నేను ఒక గొప్ప కీర్తన సాధన చేసి, పెట్టె తెరిచి సిద్ధంగా ఉన్నాను.

టీచర్ లేచి నా వైపు రాలేదు. నడవలో నడిచి బాపు ముందు నిలబడి, అందరూ చూస్తుండగా చేతులు జోడించింది. “యాకోబన్నా, వందనాలు.”

బాపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కూత వచ్చింది. నిండు చర్చిలో ఆ మోటు కూత ఒక్కటే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముగియకముందే, ఆ కూత తెగకముందే, టీచర్ సరిగ్గా దాని మీదనే పాట ఎత్తింది.

నేను మెట్ల మీద వేళ్లు పరిగెత్తించాను. ఆ శ్రుతి నా పెట్టెలో లేదు. ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ నడుమ ఎక్కడో ఉంది. ఇది నొక్కితే పైకి, అది నొక్కితే కిందికి. టీచర్ బాపు వైపే చూస్తూ అరచెయ్యి నాకు చూపించింది, మూసెయ్యమని. మూసేశాను. మాట పడిపోయిన మనిషి చేత పాట పాడించిన వాయిద్యగాడు ఆ పూట వాయించింది అంతే.

ఆ తర్వాత జరిగినదాన్ని పెంచి చెప్పాల్సిన పని ఎప్పుడూ రాలేదు. అంత కింది శ్రుతిలో మా సంఘం ఎన్నడూ పాడలేదు. ఆడవాళ్లు సన్నని గొంతులు వదిలేసి, ఇళ్లల్లో పిల్లలను జోకొట్టేటప్పటి గొంతుల్లోకి వచ్చారు. ఏళ్ల తరబడి పెదవులు మాత్రమే కదిపిన ఫ్యాక్టరీ మనుషులు, బాయిలర్ దగ్గర పొగ మింగి గొంతులు పాడైనవాళ్లు, ఒక్కొక్కరే నోళ్లు తెరిచారు. వాళ్లకు అంత గొంతులున్నాయని వాళ్ల పెళ్లాలకే తెలియదు, తల తిప్పి చూస్తున్నారు. పాట పైనుంచి వినబడటం లేదు, చాపల కింది నుంచి అరికాళ్లలోకి వస్తోంది. పెద్ద అయ్యగారిది సన్నని గొంతు, పాపం ఆయనకు అందలేదు. చేతులు జోడించుకుని వింటూ ఉండిపోయారు. ఆ మొత్తం గొంతుల నడుమ బాపు కూత కదలకుండా నిలబడి ఉంది. ప్రతి చరణమూ ఎక్కడెక్కడో తిరిగి, తిరిగి వచ్చి దాని మీదనే వాలుతోంది. ఆఖరి చరణంలో బాపు ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఆ నోటి నుంచి స్పష్టంగా, చిన్నప్పుడు నేను విన్న ఆ కంచు గొంతుతో “హల్లెలూయా” అన్న మాట వచ్చింది.

ఆ తర్వాతి వారం బాపు కుర్చీని యోహాను సారే స్వయంగా తెచ్చి వేశాడు. పోయేదాకా బాపు ఒక్క ఆదివారం మానలేదు.

తర్వాత ఎన్నడో టీచర్‌ను అడిగాను, పాట అయ్యేదాకా బాపు ఆ కూత నిలబెడతాడని ఎలా తెలిసిందని.

“నాకేం ఎర్క? నిలవెట్టకపోతె ఏం జేద్దునో” అంది.

“మరి గంత ధైర్యం ఎట్ల జేసిండ్రు? ముందుగాల ప్రార్థన చేసిండ్రా?”

“చేస్తి గద. అన్నకు వందనాలు చెప్పలే?”

ఆమె సమాధి దగ్గర పాట ఎత్తింది నేనే. కిందిగానే ఎత్తాను. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు చర్చి తలుపు దగ్గర నిలబడతాను. ముసలాయనకు పని లేదు, పలకరింపులు ఎక్కువ అనుకుంటారు జనం. నేను వందనాలు చెప్పి, తల వంచి వింటాను. టీచర్‌కు వినబడినంత నాకు వినబడదు. గొంతులో ఏదో ఉందని తెలుస్తుంది గాని ఏముందో తెలియదు. అయినా ఆ మనిషి లోపలికి వెళ్లి కూర్చున్నాక, పాట మొదలయ్యాక, నోరు తెరిచాడా లేదా అని చూస్తాను. తెరవకపోతే వెళ్లి పక్కన కూర్చుని, ఆయనకు అందేంత కిందిగా పాడతాను. కీబోర్డుతో కలవదు. కలవకపోతే కలవకపోయింది.

ఇదంతా రాసి, మొన్న కోటగిరి వెళ్లి అక్కకు చదివి వినిపించాను. అక్క గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని వింది. అయిపోయాక కళ్లు తెరిచింది. మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

“అంత మంచిగనే రాసినవ్ గని తమ్మీ, గా హల్లెలూయ కొట్టెయ్.”

“ఎందుకక్కా?”

“బాపు హల్లెలూయ అనలే. చెయ్యి గుడ లేపలే, నేనే వట్టుకున్న. ఇంట్ల మంచినీళ్లకు ఎట్ల కూత వెట్టెటోడో గట్లనే వెట్టిండు. జర్రంత గుడ మారలే. మీరే అందరు దిగొచ్చిండ్రు.”