మా డాబాకీ మామూ డాబాకీ మధ్య వైఫై

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే నాకే కాస్త సిగ్గుగా ఉంటుంది, అవేమీ తాతల నాటి రోజులు కావు కనక. చేతిలో ఫోను ఉండేది, ఫోనులో లోకమంతా ఉండేది, ఆ లోకం మాత్రం మా ఇంటి దాకా వచ్చేది కాదు. తిరువూరు బయట, విస్సన్నపేట రోడ్డు మీద పెద్ద మామిడితోట దాటాక మా ఇల్లు. నెట్ కేబుల్ వాళ్ళు తోటకి అవతలే ఆగిపోయి, మీ వైపు ఇంకాసిని ఇళ్ళు లేస్తే అప్పుడు లైను లాగుతామనేవాళ్ళు. ఇక ఫోను సిగ్నల్ సంగతంటారా, డాబా మీద నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని నిలబడితే ఒక గీత, కూర్చుంటే అదీ లేదు. నాకప్పుడే డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, కాళ్ళు ఒకచోట నిలవని వయసు. (ఆ వయసు దాటినా నిలవలేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు. అది వేరే సంగతి.) అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి వీధిలోకి వెళ్ళొచ్చేవాణ్ణి. అచ్చం మేనమామ పోలిక అనేది మా అమ్మ, అది పొగడ్త కాదని నాకు బాగా తెలిసేలా.

ఆ మేనమామే బస్టాండు వెనక పరుపుల కొట్టు నడిపే మా మామూ. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. కుట్టడం పూర్తయిన పరుపుని కూడా అటు తిప్పి ఇటు తిప్పి, తట్టి చూసి, బాగానే ఉన్న మూలని విప్పి ఇంకాస్త దూది కూరేవాడు. ఆయనింట్లో మంచి నెట్ కనెక్షన్ ఉంది. దాన్ని తోట మీదుగా గాల్లో మా ఇంటికి రప్పించాలన్న ఆలోచన నాది. అవసరం మాత్రం ఆపాది.

ఆపా అంటే మా అక్క. పెళ్ళికి ముందు ఊళ్ళోనే ఒక బళ్ళో లెక్కలు చెప్పేది, పెళ్ళయ్యాక మానేసింది. ఆ ఏడు పురిటికి మా ఇంటికి వచ్చి, చంటిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకునే ఆన్‌లైన్ పాఠాలు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. వాళ్ళు ఒక డెమో క్లాసు చెప్పి చూపించమన్నారు. అది బాగా చెబితే ఉద్యోగం, మధ్యలో బొమ్మ ఆగిపోయిందా అంతే సంగతులు. ఆపా ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నా పక్కకొచ్చి నిలబడి, "నాకంటూ ఒక పని ఉండాల్రా. నెట్ సంగతి నువ్వు చూడు," అంది. ఆ ఒక్క మాటకి నేనేదో ఇంటి బరువు మోసే పెద్దమనిషినైపోయినట్టు అనిపించి, మర్నాడే విజయవాడ బస్సెక్కాను.

షాపులో రెండు రకాల యాంటెన్నాలు చూపించారు. ఒకటి చిన్నపిల్లల పలకలా చదునుగా ఉంది, అది సిగ్నల్‌ని కాస్త వెడల్పుగా పంపుతుందట. రెండోది ఇనప ఊచల గిన్నె, అది టార్చిలైటు కొట్టినట్టు ఒక్క చోటికే సూటిగా పంపుతుందట. ఎంత దూరం, మధ్యలో ఏమున్నాయి అని షాపాయన అడిగాడు. కిలోమీటరు పైన ఉంటుంది, మామిడితోట ఉంది గానీ రెండు డాబాలూ చెట్ల కన్నా ఎత్తే అన్నాను. అయితే పలక చాలండి, గిన్నెని గురిపెట్టడం కష్టం అన్నాడాయన. నేను వింటేగా. పలక డబ్బా మీది అంకె కన్నా గిన్నె డబ్బా మీది అంకె పెద్దది. పెద్ద అంకె ఎదురుగా ఉండగా చిన్న అంకె కొనుక్కోవడం అప్పటికి నాకు చేతకాదు. (అదీగాక గిన్నె అయితే రోడ్డున పోయేవాళ్ళు తలెత్తి చూస్తారు. పలకని ఎవరు చూస్తారు?) మాకొకటి, మామూకొకటి, రెండు గిన్నెలూ ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. ఎ.కొండూరు దగ్గర పక్క సీటాయన అవెందుకని అడిగి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.

సూటిగా పంపడమంటే ఏమిటో బిగించాక తెలిసింది. రెండు గిన్నెలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవాలి. వేలెడు పక్కకి తిరిగితే మా నెట్టు ఎవరి పొలంలోకో పోతుంది. మా ట్యాంకు మీద నేను, ఆయన డాబా మీద మామూ, ఇద్దరి చెవులకీ ఫోన్లు. ఎదురెదురుగా ఉన్నాం కాబట్టి నా కుడి ఆయనకి ఎడమ అయ్యేది, దాంతో ఊళ్ళ పేర్లతో నడిపించాం. కాస్త విస్సన్నపేట వైపు మామూ అంటే ఆయన ఉత్సాహంగా తిప్పేవాడు, గిన్నె ఎ.కొండూరు దాటి నెమలి దాకా వెళ్ళిపోయేది. ఆయన తిప్పుతుంటే నేను ఊరికే కూర్చోలేక నాది తిప్పేవాణ్ణి. ఎక్కడో ఒక్క క్షణం రెండూ కలిసేవి. వచ్చింది మామూ అని నేను అనేలోగా, ఇంకొంచెం బాగా వస్తుందేమోనని ఆయన మళ్ళీ తిప్పేవాడు. ఇక ముట్టుకోకండి అని చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. కొట్లో బేరాలు వదులుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఎండలో నిలబడ్డ అమ్మ అన్నగారిని అంత మాట ఎలా అంటాం? 'కాస్త అలాగే ఉంచితే బాగుంటుందేమో మామూ' అన్నది నేను ధైర్యం చేసి అనగలిగిన అతి కఠినమైన మాట. దానికాయన, "నువ్వేం మొహమాటపడకురా, నాకేం కష్టం లేదు," అని ఇంకో జానెడు తిప్పాడు.

డెమో క్లాసు ముందురోజు దాకా ఇదే వరస. ఆ సాయంత్రం ఎలాగో నిలబడింది. ఆపా తన స్నేహితురాలికి వీడియో కాల్ చేసి, చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని నేను సంతోషం పట్టలేక, ఇంకొక్క గీత పెంచుదామని గిన్నె మీద చెయ్యి వేశాను. కింద నవ్వు ఆగిపోయింది. ఆపా మెట్ల దగ్గరికొచ్చి పైకి ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి చంటిదానికి పాలు పట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు చాలా బాధేసింది.

పొద్దున్నే మళ్ళీ ట్యాంకెక్కాను. మామూకి ఫోన్ చేస్తే తియ్యడు. మళ్ళీ చేశాను, తియ్యలేదు. క్లాసు వేళ దగ్గర పడుతోంది, జీవితంలో మొదటిసారి మామూ మీద కోపమొచ్చింది. చేసేదేం లేక ఒక్కణ్ణే నా గిన్నెని మెల్లిమెల్లిగా తిప్పుకుంటూ పోయాను. ఒక గీత వచ్చింది. రెండోది వచ్చింది. చూస్తుండగా నిండుగా వచ్చి అలాగే నిలిచిపోయింది. పడుకున్న పసిపిల్ల మీంచి తీసినట్టు చేతులు తీసేసి, ఆపా, లాప్‌టాప్ తెరువు, నెట్టొచ్చింది అని కిందికి కేక పెట్టాను. మా అమ్మ చంటిదాన్ని భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఎవర్ని పిలుస్తున్నావురా? అది పొద్దున్నే మీ నాన్న ఆటోలో మామూ కొట్టుకి వెళ్ళిపోయింది. నీకు చెబితే అక్కడికీ వచ్చి ఏదో ఒకటి తిప్పుతావని చెప్పొద్దంది."

తర్వాత తెలిసిన సంగతులు ఇవి. కొట్టు షట్టరు సగం దించి, పరుపుల మధ్య స్టూలేసుకుని ఆపా పాఠం చెప్పింది. మామూ ఫోను మోగకుండా పెట్టి, గుమ్మం దగ్గర కాపలా కూర్చుని, క్లాసు అయ్యేదాకా కాలు కూడా కదపలేదట. మా గిన్నెకి సిగ్నల్ ఎందుకు దొరికిందో అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ ఇద్దరం వెతికాం. ఆ పూట ఒకడు కదలకుండా ఉన్నాడు.

ఆపా మధ్యాహ్నం వచ్చింది. వస్తూనే డాబా ఎక్కింది. నేనింకా గిన్నె పక్కనే కాపలా కూర్చుని ఉన్నాను. ఉద్యోగం ఇచ్చారని చెప్పి, నా పక్కనే ట్యాంకుకి ఆనుకుని కూలబడింది. నాకు కళ్ళు చెమర్చాయి. నిండుగా ఉన్న సిగ్నల్ గీతల్ని ఇద్దరం కాసేపు చూశాం.

"ఇంత కష్టపడి తెచ్చావు, ఇప్పుడు దీంతో ఏం చేద్దాం?" అంది.

చివరికి ఆపా ఫోన్లో మామూకే వీడియో కాల్ చేశాం. పొద్దుటంతా కదలకుండా కూర్చున్నందుకు ఒళ్ళు పట్టేసి, ఆయన తన డాబా మీద పచార్లు చేస్తున్నాడు. మీసం మీద దూది కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది బొమ్మ. మమ్మల్ని చూసి మురిసిపోయాడు.

"ఎంత బాగా కనిపిస్తున్నార్రా. ఉండండి, ఇంకొంచెం బాగా వచ్చేలా చేస్తాను," అన్నాడు. బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఆపా నవ్వు ఆపుకోలేక ఆ బొమ్మని ఫోన్లో అలాగే దాచేసింది.

ఇప్పుడు మా వీధికి లైనొచ్చింది. ఆపా తనింట్లో తన గదిలో కూర్చుని పాఠాలు చెబుతోంది. ఆ ఫొటో మాత్రం ఆమె నుంచి నేనూ తీసుకున్నాను, అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. మామూ చెయ్యి ఆయన గిన్నె మీద ఉంటుంది. పై మూల చిన్న గడిలో మేమిద్దరం ఉంటాం. ఆపా కళ్ళు మూసుకుని నవ్వుతుంటుంది. పక్కన బక్కపల్చటి కుర్రాడొకడు, వద్దు మామూ అనబోతూ నోరు తెరిచి ఉంటాడు. వాడి చెయ్యి అప్పటికే మా గిన్నె మీద ఉంది.