వెనుక చూసే జంగప్ప

జంగప్ప చేతికి ఏది ఇచ్చినా ముందు తిరగేసి వెనుక వైపు చూస్తాడు. అది పెండ్లి పత్రిక కావచ్చు, మిర్చి బజ్జీ కావచ్చు. తాండూరు బండకు ఒక వైపే పాలిష్ పడుతుంది. పగులుంటే వెనుకే కనపడుతుంది. ముప్పై ఏళ్లు బండలు తిప్పిన ఆ చేతులు మూడేళ్లుగా లోకాన్నంతా తిప్పుతున్నాయి.

బండల పాలిష్ మిషన్ దగ్గర అతనికి ఎదురుగా నిలబడి పనిచేసే ఇమ్మానుయేలుకు ఈ అలవాటు చూసి చూసి విసుగొచ్చింది. ఒకసారి దవాఖానలో డాక్టరు ఇమ్మానుయేలు ఎక్స్‌రే చూపిస్తే, వెంట వచ్చిన జంగప్ప దాన్ని తిప్పి పట్టుకున్నాడు.

“ఎనుక ఏమున్నదో సూసిండ్రా సారూ?”

“ముందే మంచిగ లేదు పెద్దమనిషీ,” అన్నాడు డాక్టరు.

మూడేళ్ల కిందట భార్య యాదమ్మ పోయినప్పుడు జంగప్ప దండ వేసిన ఆమె ఫోటోను కూడా తిప్పి చూశాడు. వెనుక అట్ట తప్ప ఏమీ లేదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి నవ్వారు.

ఈ వానకాలం ఇమ్మానుయేలుకు ఏదీ కలిసి రాలేదు. రెండు నెలల్లో అరవై నిండుతాయి. పని నుంచి దిగిపోగానే కార్మికుల దవాఖాన ఇ.ఎస్.ఐ. కార్డు చెల్లదని, భార్య భాగమ్మ గుండె మందులు ఆగిపోతాయని ఎవరో చెప్పారు. ఎటూ ఆ మందులే ఆగేటప్పుడు ఇంకో రెండు నెలలు ఈ దుమ్ములో దగ్గడం దేనికనుకున్నాడు. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ శ్రీకాంత్ ఒక కాగితం తెచ్చాడు. కొత్త మిషన్ వస్తోంది, మనుషులు తగ్గాలి.

“సంతకం పెట్టు తాతా, రేపటి సంది ఇంట్ల పండుకో.”

ఇమ్మానుయేలు పెన్ను తీశాడు. ఎదురు నుంచి ఒక తడి చెయ్యి వచ్చి కాగితాన్ని లాక్కుని తిరగేసింది.

“నాకు సదువొస్తది జంగప్పా! ఇటియ్యి!”

“ముందు సదివినవన్నా. మరి ఎనుక?”

ముందు వైపు ముప్పై ఏళ్ల పనికి మెప్పు. వెనుక ఒకే వాక్యం: ‘నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను.’

“మానుడు వేరే, దిగుడు వేరే,” అన్నాడు జంగప్ప. “అయిదేండ్లు కార్డు నడిచి, వయసు నిండి దిగినోనికి దవాఖాన బందు గాదు. ఏడాదికి నూట ఇరవై కడితే నీకు, వదినకు ఇద్దరికి నడుస్తది. నడుమల మానినవనుకో, గా దవాఖాన ఉండది.”

“గీ తాతతోని పరేషాన్,” అని గొణుక్కుంటూ శ్రీకాంత్ కాగితం మడిచి వెళ్లిపోయాడు.

“నీకెవలు జెప్పిండ్రు?” అన్నాడు ఇమ్మానుయేలు.

“వికారాబాద్‌ల ఇ.ఎస్.ఐ. ఆఫీసు మేడం. ఫారం ఎనుక ఇంగ్లీషుల ఉండె. మూడు సార్లు సదివించుకున్న.”

“అనంతగిరి దేవుని కాడికి పోతున్నన్నవ్ గదా?”

“ఆడికీ పోయిన. దేవుని ఎనుక గోడ ఉన్నదన్నా, సూడనియ్యలే.”

ఇమ్మానుయేలుకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక అడిగాడు.

“నీకింకా మూడేండ్లున్నది. గిప్పుడే ఎందుకు తిరిగినవ్?”

జంగప్ప బండ మీది నీళ్లను అరచేత్తో తుడిచాడు.

“నా కార్డు అచ్చినప్పుడు ముందు నా పేరు సూసుకుని జేబుల వెట్టుకున్న. యాదమ్మ పేరు రాసే జాగ ఎనుక ఉండె. రాయించలే, దవాఖానల ఆమెను సూడలే.”

ఇమ్మానుయేలు బండ అవతలి అంచు పట్టాడు, ఇద్దరూ కలిసి దాన్ని తిరగేశారు.

రెండు నెలల తర్వాత, ఇమ్మానుయేలు దిగిపోయే రోజు, జంగప్ప తాను నింపించి తెచ్చిన దవాఖాన ఫారం ఒకటి అతని చేతిలో పెట్టి మిషన్ వైపు వెళ్లిపోయాడు. ముందు వైపు ఇమ్మానుయేలు పేరు, భాగమ్మ పేరు తప్పుల్లేకుండా ఉన్నాయి. ఇమ్మానుయేలు ఫారాన్ని మడవబోయి ఆగాడు. ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి, మెల్లగా తిరగేశాడు.

అడుగున ఖాళీ జాగాలో పెన్సిలుతో వంకర అక్షరాలు: ‘ఆధార్, రెండు ఫోటోలు మర్వకు. పొద్దుగాల బస్సుకే పో. వదినకు కడుపుల తిప్పుతది, కిటికి పక్కకు కూసోబెట్టు.’

దాని కింద ఇంకో వరుస ఉంది.

‘సూసినవా, నువ్వు గూడ ఎనుక సూసినవ్!’