ప్రశ్న అడిగితేనే సిఫారసు

మా లెక్కల సార్ ఇక లేరని మొన్న ఆయన చిన్న కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను తైవాన్‌లో, యూనివర్సిటీ క్యాంటీన్‌లో పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాను. గుండె జబ్బుతో ఖమ్మం దవాఖానాలో ఉన్నారని తెలుసు. ఇంటికి వచ్చేస్తారనే అనుకున్నాను. ఎదురుగా ఉన్న వియత్నాం అమ్మాయి ఏమైందని అడిగింది. నన్నిక్కడికి పంపిన మనిషి పోయారన్నాను. మీ నాన్నా అంది. కాదు, బడిలో లెక్కలు చెప్పిన సార్ అన్నాను. ఏడుస్తూనే చెప్పాను గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో! ఆ గర్వం సంగతే మీకు చెప్పాలని కూర్చున్నాను.

టేకులపల్లిలో మా బడి. సార్ వాళ్లది కారేపల్లిలో తరాల నాటి బట్టల వ్యాపారం. అన్నదమ్ములందరూ దుకాణంలో కూర్చుంటే ఈయనొక్కరూ సుద్దముక్క పట్టుకున్నారు. దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలే మా బోర్డుకు డస్టర్లు. ఒకసారి పూల గుడ్డ, ఇంకోసారి లుంగీ చారలు. సాయంత్రం తన ఇంటి వరండాలో ఉచితంగా ట్యూషన్ చెప్పేవారు. రంజాన్‌లో ఉపవాసంతోనే పాఠం పూర్తిచేసి, వేళ కాగానే ముందు మా చేతుల్లో ఖర్జూరాలు పెట్టి, తర్వాత తాను నోట్లో వేసుకునేవారు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. "ఎందుకు" అన్న మాట ఆ వరండాలో ఎవరి నోటా వినలేదు. "ముందు రాసుకోండ్రి, అర్థం అదే అయితది" అనేవారు. మేం రాసుకునేవాళ్లం.

ఎమ్మెస్సీ అయ్యాక, ఇక్కడి యూనివర్సిటీ బయటి దేశాల పిల్లలకు గణితంలో పీహెచ్‌డీ సీట్లు ఇస్తోందని తెలిసింది. ఫీజు లేదు. నెలనెలా ఖర్చులకు వాళ్లే ఇస్తారు. పాఠాలు ఇంగ్లిష్‌లోనే. మిర్చి పండించే మా నాన్న నన్ను ఇంకెక్కడికీ పంపలేడు కాబట్టి, ఈ సీటు రాకపోతే నా చదువు అక్కడితో ఆగినట్టే. రెండు సిఫారసు లేఖలు కావాలన్నారు. ఒకటి ఎమ్మెస్సీ ప్రొఫెసర్ ఇచ్చారు. రెండోది, నన్ను చాలాకాలంగా ఎరిగిన ఉపాధ్యాయులెవరైనా రాయొచ్చట. నాకు సార్ తప్ప ఇంకెవరున్నారు?

సార్ జిరాక్స్ సెంటర్లో పక్కనే నిలబడి ఇంగ్లిష్‌లో టైపు చేయించారు. "ఈ అమ్మాయి మహా వినయవంతురాలు. ఏనాడూ గురువుకు ఎదురు చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగి విసిగించలేదు."

"ఇంత మంచిగ ఎవ్వరికీ రాయలే బిడ్డా" అన్నారు. మా నాన్నకు చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకున్నాడు. మా వైపు ఆడపిల్ల గురించి అంతకు మించిన మెప్పు ఏముంటుంది?

కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ జరిగింది. అడిగింది ఇక్కడి ప్రొఫెసర్, పెద్దావిడ, ఎంతో మర్యాదగా మాట్లాడారు. లేఖ చూసి, "మేం వెతికేదే ప్రశ్నలడిగే వాళ్లను. మీరు అడగరని మీ గురువుగారు మెచ్చుకుంటున్నారే, మరెలా?" అన్నారు. సారీ మేడమ్ అని మాత్రం అన్నాను. ఆవిడకు జాలి కలిగిందేమో, మీ గురువుగారు ఇంకేమైనా చెప్పదలిస్తే ఈ నెలాఖరులోగా మళ్లీ రాయొచ్చన్నారు.

పరుగున ట్యూషన్ వరండాకు వెళ్లి సార్‌కు చెప్పాను.

"ఏందీ? వినయం వద్దన్నరా?"

"వద్దనలే సార్. ప్రశ్నలడుగుతదా అని అడిగిన్రు."

సార్ చేతిలో చాయ్ చల్లారిపోయింది. కాసేపటికి, "నిన్ను మెచ్చుకుందామని కూసుని నా గురించి రాసుకున్న గదనే" అన్నారు.

"అడుగుతదని ఒక్క ముక్క రాయండి సార్, సరిపోతది" అన్నాను.

"అబద్ధం ఎట్ల రాస్త? నువ్వు అడగలే, నేను అడగనియ్యలే. ఇప్పుడు అడుగు. గిక్కడ్నే, అందరి ముంగట. అడిగితెనే రాస్త."

ట్యూషన్ పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. సీటు చేజారుతుందని తెలిసి కూడా మాట రాలేదు. మీకిది నవ్వులాటగా ఉండొచ్చు. గురువును పట్టుకుని ఎందుకని అడగడమంటే, మాకు చెప్పులతో దేవుడి గదిలోకి వెళ్లడమే. చివరికి తల వంచుకునే అడిగాను. "సార్, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకైతది? రాసుకోమన్నరు గానీ, ఎందుకో చెప్పలే."

సార్ బోర్డు వైపు చూశారు. మళ్లీ నా వైపు చూశారు. "నాకు గూడ ఎవ్వరూ చెప్పలే బిడ్డా" అని పకపకా నవ్వారు. ఆ మనిషి అట్లా నవ్వగలరని మాకెవరికీ తెలియదు.

కొన్నాళ్ల తర్వాత పొద్దున్నే మోపెడ్ మీద మా ఇంటికి వచ్చారు. నాన్న లోపలికి రమ్మంటున్నా వినకుండా, వాకిట్లో నీళ్ల డ్రమ్ము దగ్గరే ఆగిపోయారు.

"ఈ డ్రమ్ము కారుతున్నదనుకో. కారుడంటే మైనస్. గడియారం ఎన్కకు తిప్పు, అదింకో మైనస్. గంట కింద నీళ్లెక్కువుండెనా, తక్కువుండెనా?"

"ఎక్కువ సార్."

"గంతే! ప్లస్!" అని డ్రమ్ము మీద గట్టిగా చరిచారు. ఆ మొహంలో వెలుగు చూసి మా నాన్న కూడా నవ్వేశాడు.

రెండో లేఖ చిన్నది. "నా శిష్యురాలు నన్నొక ప్రశ్న అడిగింది. జవాబు నాకు తెలియలేదు. దానికోసం మళ్లీ విద్యార్థినయ్యాను. అడిగినందుకు ఆమెను చూసి గర్వపడుతున్నాను." సీటు వచ్చింది. అలాంటి గురువు దగ్గర చదివినవాళ్లు మాకు కావాలి అనుకున్నామని ఆ ప్రొఫెసర్ తర్వాత నాతో చెప్పారు.

నేనిటు వచ్చాక ఆ వరండాలో కొత్త పద్ధతి మొదలైంది. ఒక ప్రశ్నైనా అడగనిదే ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. పిల్లలు ఇంట్లో ఎదురు మాట్లాడుతున్నారని తల్లిదండ్రులు గొడవకు వస్తే, "మాట్లాడనియ్యుండ్రి, జవాబులు మనం నేర్సుకుందాం" అనేవారట. బస్టాండులో డిగ్రీ పిల్లలు కనబడితే చాలు, ఆపేవారు. అమెరికా ఒక్కటేనా, తైవాన్ ఉంది, జపాన్ ఉంది, కొరియా ఉంది, ప్రొఫెసర్‌కు నేరుగా మెయిల్ పెట్టండని వెంటపడేవారు. "ఆశీర్వదించగలరు అని రాయకు. ఏం తెల్సుకోవాలనున్నదో అది రాయి" అని దిద్దేవారు. పినపాక నుంచి ఒకమ్మాయి అలాగే కొరియా వెళ్లింది. ఆ కబురు చెప్పడానికి నాకు ఫోన్ చేసి, తనకే సీటు వచ్చినంత సంబరపడ్డారు. నేనీ దేశంలో నిలబడి ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆయన శిష్యురాలినని లోకమంతటికీ చెప్పుకోవాలనిపిస్తుంది.

కోడలు ఒక ఫోటో పంపింది, దవాఖానాలో తీసింది. డాక్టర్ చాలా చిన్నవాడు, ఆయన దగ్గర చదువుకున్న మా వయసే. సార్ ఏదో అడిగి ఉంటారు. ఆ అబ్బాయి మంచం అంచున కూర్చుని, మందుల అట్టపెట్టె వెనక గుండె బొమ్మ గీసి చూపిస్తున్నాడు. సార్ దిండుకు ఆనుకుని, చేతులు కట్టుకుని, క్లాసులో ముందు బెంచీ పిల్లాడిలా వింటున్నారు. ఒక వేలు మాత్రం కాస్త పైకి లేచి ఉంది.