నాడెకు అడ్డంగా ఒక జాలీ

పవర్‌లూమ్ మీద అడ్డపోగును మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒక్కోసారి దారి తప్పి బయటికి దూసుకొస్తుంది. మొన్న మా అన్న పనిచేసే దాజీ పేట్‌లోనే, పక్క షెడ్డులో ఒకాయన కన్ను అలా పోయింది. అందుకే మా వర్క్‌షాపులో నాడెను ఆపే ఇనుప జాలీ తయారీ మొదలైనప్పుడు, అందరి పనినీ కలిపి నడిపించే బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. ఆ రోజు నుంచీ నాకు కుదురు లేదు.

డిజైనర్ కంప్యూటర్ వదలడు. వెల్డింగ్ మామ కొంతం చౌక్‌లో తన దుకాణం వదలడు. ఒకరి మాట ఇంకొకరికి మోస్తూ స్కూటీ మీద నేనే తిరిగేదాన్ని.

కొలతలు తీయాలంటే మగ్గం ఆగాలి. అది ఆగేది దసరా ముందు నవమి నాటి ఆయుధ పూజకే. ఆ రోజు బతిమాలి డిజైనర్‌ను తీసుకెళ్తే, అన్న అప్పటికే మగ్గం ముందు పట్టీ పొడవునా లావుపాటి బంతిపూల దండ బిగించి కట్టేశాడు.

"దండ తీయొద్దు చెల్లె, పూజ అయింది. మీదికెల్లే మాప్ తీసుకోండ్రి," అన్నాడు.

టేపు దండ మీంచే పోయింది. దండ మందం కూడా డ్రాయింగులోకి ఎక్కింది. తయారైన జాలీ తెచ్చి బిగిస్తే, పక్కన నాడె హాయిగా దూరిపోయేంత సందు మిగిలింది.

వెల్డింగ్ తప్పని డిజైనర్, డ్రాయింగ్ తప్పని మామ. ఒకరినొకరు తిట్టుకోవడానికి ఇద్దరూ నాకే ఫోన్ చేశారు. షెడ్డు యజమాని సేటు మగ్గం ఆపనన్నాడు. అన్న జాలీని విప్పి గోడకు ఆనించి, ఎప్పటిలాగే పనిలో దిగాడు. ఆ మగ్గం చప్పుడు ఇంట్లో కూర్చున్నా నా చెవుల్లోనే ఉండేది.

చివరికి ఒళ్ళు మండి ఇద్దరినీ షెడ్డుకు లాక్కొచ్చాను.

"మీ మాటలు ఇంక నేను మొయ్య. మీరే చూస్కోండ్రి," అని నడుస్తున్న మగ్గం ముందు నిలబెట్టాను.

ఆ మోతలో ఎవరి వాదనా ఎవరికీ వినపడలేదు. డిజైనర్ జాలీని దండ లేని పట్టీ పక్కన పెట్టి చూసి, ఎక్కువైన చోట సుద్దముక్కతో గీత గీశాడు. మామ తల ఊపాడు. సాయంత్రానికి పట్టీలు కోసి, మళ్ళీ అతికించి తెచ్చాడు.

బిగించి మగ్గం నడిపారు. నేను కదలకుండా చూస్తున్నాను. ఉన్నట్టుండి నాడె లేచింది, జాలీకి కొట్టుకుని అన్న కాళ్ళ దగ్గర పడింది. ఆ వెంటనే నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

అన్న నాడె తీసి చేతిలో తిప్పి చూశాడు.

"మంచిగ ఆపింది చెల్లె," అన్నాడు.

అన్న నడిపేవి రెండు మగ్గాలు. ఆ మాట అనేసి, జాలీ లేని రెండో మగ్గం వైపు తిరిగి, తెగిన పోగు కలపడానికి దాని మీదికి వంగాడు.