ఊరికంతా రెండే కప్పలు

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవాటిని ముందే చెప్పేస్తే మనసు తేలికవుతుంది. రెండు బంగారు చేపలు, ఒక నత్త, మూడు గుత్తుల నీటి మొక్కలు, ఎన్నిసార్లు ఉతికినా పట్టుపురుగుల కంపు వదలని ఒక తెల్ల చొక్కా, ఇరవై రెండేళ్ల కుర్రవాడికి ఉండవలసిన పరువులో సగం, పన్నెండు రొయ్యల్లో పదిహేను. చివరిది అచ్చుతప్పు కాదు. ఆ సంగతికి వస్తాను.

కంబదూరు దగ్గర మా నాయనకున్న వేరుశనగ చేను వాన పడితే చేను, పడకపోతే మైదానం. తొమ్మిదో తరగతితో బడి మానేసి, దొరికిన లెక్కల పుస్తకమల్లా నాకు నేనే చదువుకుని, ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో పద్దులు రాసే పనికి కుదిరాను. మా షావుకారు ఒకసారి బెంగళూరులో ఏదో హోటల్లో చేపల గాజుతొట్టి చూసి వచ్చాడు. పెళ్లిచీరలకు వచ్చేవాళ్ల పిల్లలు ఏడుస్తుంటే తల్లులు నాలుగు చీరలు చూసేచోట రెండే చూసి లేస్తున్నారని ఆయన బాధ. పిల్లల్ని తొట్టి ముందు నిలబెడితే సరి. అలా మా అంగట్లోకి పదహారు బిందెల నీళ్లు పట్టే తొట్టి వచ్చింది. అందులో ఇసుక, పచ్చటి మొక్కలు, బంగారు చేపలు రెండు, ఒక నత్త, అద్దంలా అవతలి వైపు కనిపించే చిన్న రొయ్యలు పన్నెండు, బొటనవేలంత కప్పలు రెండు. ఈ కప్పలు మన కప్పల్లాంటివి కావు. బతుకంతా నీళ్లలోనే, ఊపిరి కోసం మాత్రం పైకి వచ్చి ముక్కు చూపించి పోతాయి. “మేత తక్కువ, నీళ్లు రెండు దినాలు నిలవపెట్టినవి, వారానికి నాలుగు బిందెలు తీసి నాలుగు పోయాల. తొట్టి అమ్మిన బెంగళూరాయన చెప్పింది ఇంతే. ఇది కూడా లెక్కే కదప్పా, నువ్వే చూసుకో,” అన్నాడు షావుకారు.

మేత తక్కువ అనే మాట మా సీమలో ఎవరికీ ఎక్కలేదు. ఇంటికొచ్చినవాడికి ముద్ద పెట్టకుండా పంపని జనం కళ్లెదుట ప్రాణి ఉంటే ఊరుకుంటారా? వచ్చినవాళ్లల్లా బూందీ వేశారు, పకోడీ తుంపి వేశారు, ఒక పెద్దాయన తాంబూలం కూడా ఇవ్వబోయాడు. నీళ్లు పాలలా తెల్లబడి బంగారు చేపలు రెండూ, నత్తా, మూడు గుత్తుల మొక్కలూ పోయినాక నేను కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాను. రొయ్యలకు ఉడకబెట్టిన తోటకూర ఆకు రూపాయి బిళ్లంత, మిగిలితే మధ్యాహ్నానికి తీసేయాలి. కప్పలకు వానపాములు కావాలి, కానీ వానే లేని ఊళ్లో వానపాములు ఎక్కడివి? దారం తీసేవాళ్ల దగ్గర మిగిలిన పట్టుపురుగులు తెచ్చి, ఎండబెట్టి, దంచి, చిటికెడు నానబెట్టి పుల్లతో అందించేవాణ్ణి. (చొక్కా పోయింది ఇక్కడే.)

ఇక రొయ్యలు. రెండు మూడు రోజులకొకసారి పొద్దున ఇసుక మీద ఒక రొయ్య తెల్లగా, కదలకుండా పడి ఉండేది. దాన్ని ఆకులో చుట్టి, అంగడి వెనుక కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టి, లెక్కలోంచి ఒకటి తీసేసేవాణ్ణి. అలా పదిహేను పాతాను. అప్పటికీ మొక్కల మధ్య రొయ్యలు తిరుగుతూనే ఉన్నాయి. “పన్నెండు కొంటే పదిహేను సచ్చినాయా? నా చీరల లెక్క కూడా ఇట్లనే రాస్తాండావా?” అని షావుకారు నలుగురి ముందు అడిగాడు. (పరువు పోయింది ఇక్కడ.) ఒక మధ్యాహ్నం బేరాల్లేక తొట్టికేసి చూస్తూ కూర్చుంటే, ఒక రొయ్య ఒక్కసారి విదిలించుకుని, పాత తొడుగులోంచి బయటపడి, కొత్త పెళ్లికొడుకులా పక్కకు తప్పుకుంది. ఖాళీ తొడుగు ఇసుక మీదికి జారింది. నేను ఇన్నాళ్లూ అంత్యక్రియలు చేసింది విడిచిన చొక్కాలకు. మళ్లీ లెక్కబెడితే పదకొండు తేలాయి. పన్నెండోదాన్ని గురించి కప్పల్నే అడగాలి.

ఆ ఏడు ఆషాఢం చుక్క లేకుండా పోయింది. కొళాయి నాలుగైదు రోజులకొకసారి వచ్చి, దగ్గి, ఆగిపోయేది. తొట్టిలో నీళ్లు రోజుకు వేలెడు దిగుతున్నాయి, పచ్చబడుతున్నాయి, కప్పలు ఊపిరికి మాటిమాటికీ పైకి వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే షావుకారు బెంగళూరుకు బయల్దేరాడు. ఒకే ఇంట్లో మూడు పెళ్లిళ్లవాళ్లను వెంటబెట్టుకుని వస్తాడట. “ఆ పెళ్లోళ్లకు తొట్టి గురించి గొప్పగా చెప్పినా. నేనొచ్చేటప్పటికి అది ఎండిందంటే నువ్వు కంబదూరికి పోయి చేను చూసుకో,” అని బస్సెక్కాడు. చూసుకోవడానికి అక్కడ చేను ఉంటే నేను ఇక్కడికెందుకు వస్తాను?

బిందె పట్టుకుని అంగడి వెనుక మగ్గాల వీధికి పోయాను. ఆ వీధికి పెద్దదిక్కు ఒక అవ్వ. ఆమె నోటికి వెరవని ఇల్లు లేదు. “మనుషులకు గొంతు తడుపుకునేకి లేదు, కప్పలకు బిందె నీళ్లా? బాగుండాది నాయనా నీ ఉద్యోగం,” అంది. ఆమె అన్నది న్యాయం. నా స్నానం నీళ్లు మానుకుని తొట్టిలో పోస్తే దిగినదాంట్లో సగం కూడా రాలేదు. ఆ సగం కోసం నా పక్కన ఎవరూ కూర్చోలేని పరిస్థితి వచ్చింది.

మర్నాడు ఆ అవ్వే అంగట్లోకి వచ్చి తొట్టి ముందు నిలబడింది. వానలు లేనప్పుడు మా వైపు కప్పతల్లిని ఊరేగిస్తారు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఆడవాళ్లు పాడుకుంటూ ఇంటింటికీ మోసుకుపోతే, ప్రతి ఇల్లాలూ దానిమీద చెంబెడు నీళ్లు పోయాలి. ఎంత కరువైనా ఆ చెంబు కాదనేవాళ్లు లేరు. అయితే ఆ ఏడు బావులెండి, చెరువు బీటలు తీసి, పిల్లలు ఊరంతా తవ్వినా కప్ప దొరకలేదు. ఊరికంతా ఉన్నవి రెండే. రెండూ నా దగ్గర ఉన్నాయి.

“ఏమప్పా లెక్కలోడా, నీ కప్పను ఒక పూట ఇయ్యి.”

“అది బెంగళూరు కప్పవ్వా. నీళ్లలోంచి తీస్తే బతకదు. అది పోతే నేను కంబదూరికి పోవాల.”

“కంబదూరికి మాత్రం వాన వద్దా?”

ఆ మాటకు నాయన చేను కళ్లలో మెదిలింది. “ఎన్ని ఇండ్లు తిరుగుతారవ్వా?” అని అడిగాను. మూడు మగ్గాల వీధులూ కలిపి నూట ముప్పై రెండు ఇళ్లు. ఇంటికొక చెంబు, బిందెకు పన్నెండు చెంబులు. పదకొండు బిందెలు! (వానదేవుడు క్షమించాలి, ఆ క్షణంలో నేను ఆకాశం వైపు చూడనే లేదు.) నా షరతులు చెప్పాను. కప్ప ఊరగాయ గాజుజాడీలో నీళ్లతో ఉండాలి, జాడీని రోకలికి వేలాడదీయాలి, పసుపూ కుంకుమా రోకలికే, పోసిన నీళ్లు కింద బిందెలో పడాలి, ఆ బిందెలు తొట్టికి రావాలి.

“కప్పతల్లికి పోసిన నీళ్లు నేల తాగాల. నీ తొట్టి కాదు,” అంది అవ్వ.

“అప్పుగా ఇయ్యవ్వా. నేలకు బిందెకు బిందె తిరిగి పోస్తా. నా లెక్క తప్పదు.”

“పన్నెండు రొయ్యల్లో పదిహేనును చంపినోడివి,” అంది. కానీ ఒప్పుకుంది. కప్ప నా దగ్గర ఉండె కదా.

పెద్ద కప్పను పంపి, చిన్నదాన్ని తొట్టిలోనే ఉంచాను. ఎండకు జాడీ వేడెక్కకుండా పక్కనే గొడుగు పట్టుకుని నడిచాను. “వాన రాకముందే గొడుగొచ్చిందే అన్నా,” అని మగ్గం గుంతల్లోంచి నవ్వులు. నవ్వినవాళ్ల ఇళ్లలోంచే చెంబులు వచ్చాయి. దేవత పేరు మీద పోసే నీళ్లు కాబట్టి గుడ్డతో వడగట్టి మరీ పోశారు. పైగా అవి నాలుగు రోజులుగా కుండల్లో నిలవున్న నీళ్లు, బెంగళూరాయన చెప్పినట్టే. బిందె నిండినప్పుడల్లా ఆడపిల్లలు అంగడికి చేర్చారు. మూడో వీధి చివర జాడీలోంచి సన్నగా గురగురమని ఒక శబ్దం వచ్చింది. “అరిసె, కప్ప అరిసె,” అంది అవ్వ. నాతో ఎన్నడూ మాట్లాడని కప్ప ఆమెతో మాట్లాడింది.

షావుకారు వచ్చేటప్పటికి తొట్టి అంచుదాకా నిండి, పచ్చటి మొక్కల మధ్య పదకొండు రొయ్యలు, రెండు కప్పలు. పెళ్లివాళ్ల పిల్లలు గాజుకు ముక్కులానించి సాయంత్రందాకా కదల్లేదు, తల్లులు అల్మారాలన్నీ దింపించారు. “ఈ కరువులో నీళ్లు యాడివప్పా?” అని షావుకారు చెవిలో అడిగాడు. “ఊరు ఇచ్చింది సామీ,” అన్నాను. అప్పటిదాకా చాప మీద కూర్చుని రాసేవాణ్ణి, మర్నాటినుంచి నాకు కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చుని వీధికేసి చూస్తే ధర్మవరం మొత్తం నాకంటే రెండడుగులు కిందుగా కనిపించింది.

ఆ వారంలోనే వాన పడింది. కప్ప వల్లనే అని అవ్వ అంది, నేను కాదనలేదు. చూరు కింద పదకొండు బిందెలు నింపి, బండి మీద పెట్టుకుని, తడుస్తూ ఆమె వాకిట్లోకి పోయాను. అవ్వ గడప దాటలేదు.

“వానలో నేలకు నీళ్లు పోసేదేమప్పా, పెద్ద ఘనకార్యం. కరువులో తీసుకుంటివి, కరువులోనే ఇయ్యి.”

ఆ తర్వాత మా జిల్లాలో కరువులకు కొదవ లేదు. అవ్వ పోయింది, తొట్టీ పోయింది, నా తల నెరిసింది. ఇప్పటికీ ఆ వీధిలో ఆమె కోడలు ఎదురైతే, “అన్నా, ఈ తూరి కరువు గట్టిగానే ఉండాది,” అని నవ్వుతుంది. నిండిన బిందె భుజానికెత్తుకుని, ఈసారి ఒక్కటైనా తీర్చేద్దామని మగ్గాల వీధి మలుపుదాకా పోతాను. అక్కడ ఇంట్లో ఖాళీ కుండ గుర్తుకొచ్చి, మెల్లగా ఇటు తిరుగుతాను. కుర్చీ ఎక్కిన కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. లెక్క తప్పదని మాటిచ్చాడు, నిజంగానే తప్పలేదు. ఈనాటికీ బాకీ సరిగ్గా పదకొండు బిందెలు.